వేసవిలో పాత కారు అమ్ముతున్నారా?

ఎండాకాలంలో కారు చూడవచ్చినవారు ముందు ఏసీ వేసి చూస్తారు. చల్లగాలి రాకపోతే బేరం అక్కడే దిగిపోతుంది. కాబట్టి క్యాబిన్ ఫిల్టర్, గ్యాస్ ముందే చూపించుకోండి. కారు కడిగేది నీడలోనే. ఎండలో షాంపూ ఆరిపోయి మరకలు పడతాయి.

నా దృష్టిలో అసలు పని కాగితాలది. లోన్ తీరినా ఆర్సీలో బ్యాంకు పేరు ఉంటే ఫారం 35, బ్యాంకు ఎన్‌ఓసీ ఇచ్చి తీయించాలి. యాజమాన్య బదిలీకి ఫారం 29, 30 కావాలి. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో రవాణా శాఖకు తెలపాలి. తాళాలు ఇచ్చేశాం కదా అని ఊరుకోకండి. రికార్డుల్లో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం బాధ్యత వారిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. మీ ఫాస్టాగ్ కూడా మూయించండి, లేదంటే కొన్నవారి టోల్ మీ ఖాతాలోంచి పోతుంది.