నోటిపుండుకు పూత మందు: వాడవలసిన తీరు, ఆపవలసిన సమయం



హక్కుల గురించి చర్చించుకునే వేదికపై నోటిపూత గురించిన ప్రసంగమేమిటని కొందరికి సందేహం కలగవచ్చు. మేము వైద్యులము కాము. ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పదవీ విరమణ చేసిన తరువాత, బస్తీలలో పింఛను దరఖాస్తులు, ఆసుపత్రి కాగితాలు రాసిపెట్టే పనిలో ఉన్నాము. ఆ పనిలో మాకు పదే పదే కనిపించిన విషయం ఒకటుంది. మందుల షాపులో ఒక చిన్న ట్యూబు కొంటారు. అందులో ఏముందో తెలియదు. ఎన్నాళ్లు వాడాలో ఎవరూ చెప్పరు. ఇంటిల్లిపాదీ దానినే వాడుతుంటారు. తన నోటిలోకి పోయే మందు ఏమిటో తెలుసుకోవడం కూడా పౌరుని హక్కే. దంతవైద్యులను అడిగి మేము గ్రహించినది, మందుతో వచ్చే కరపత్రాలలో చదివినది మీ ముందు ఉంచుతున్నాము.

ముందుగా వ్యాధి సంగతి. నోరు పూస్తే మనవారు "వేడి చేసింది" అంటారు. సాధారణంగా వచ్చే నోటిపుండు బుగ్గల లోపలివైపున, పెదవి లోపల, నాలుక అంచున, నాలుక కింద పుడుతుంది. గుండ్రంగా, మధ్యలో తెలుపు లేక పసుపు రంగుతో, చుట్టూ ఎర్రని అంచుతో ఉంటుంది. సెంటీమీటరు కంటె చిన్నదైతే 7 నుంచి 14 రోజులలో మచ్చ లేకుండా తనంతట తానే మానుతుంది. ఇది అంటువ్యాధి కాదు. పన్ను గీసుకోవడం, మానసిక ఆందోళన, నిద్రలేమి, ఇనుము, బి12, ఫోలిక్ ఆమ్లం లోపించడం దీనికి దోహదం చేస్తాయి. కొన్ని కుటుంబాలలో ఇది వంశపారంపర్యంగా కూడా కనిపిస్తుంది. మాటిమాటికీ నోరు పూసే స్త్రీలకు రక్తహీనత పరీక్ష చేయించడం ఎన్ని ట్యూబులు కొన్నదానికంటె మేలు.

ఇక మందు. వైద్యులు రాసే పూత మందులలో ప్రధానమైనది ట్రయామ్సినలోన్ ఎసిటొనైడ్ 0.1 శాతం గల పేస్టు. ఇది స్టెరాయిడు జాతికి చెందినది. స్టెరాయిడ్లు ఎంతో మేలు చేసిన మందులే. కార్టిసోన్‌పై జరిగిన కృషికి 1950లో ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి లభించింది. అయితే స్టెరాయిడు ఏ క్రిమినీ చంపదు. అది వాపును, మంటను అణచివేస్తుంది. అణచేటప్పుడు ఆ చోట దేహానికి ఉండే రక్షణశక్తిని కూడా కొంత తగ్గిస్తుంది. దీని మేలూ కీడూ రెండూ ఈ ఒక్క గుణంలోనే ఉన్నాయి.

అందువలన ట్యూబు మూత తీయడానికి ముందు, ఇది సూక్ష్మజీవుల వలన వచ్చిన పుండా, కాదా అన్నది తేలాలి. పెదవి మీద గుంపుగా నీటిపొక్కులు లేచి, పగిలి, పుండ్లయితే అది హెర్పిస్ అనే వైరస్ పని కావచ్చు. నోటిలో పెరుగు అంటినట్లు తెల్లని పొరలు ఏర్పడి, తుడిస్తే ఊడివస్తుంటే అది శిలీంధ్రం కావచ్చు. చీము, జ్వరం ఉంటే బాక్టీరియా కావచ్చు. ఈ మూడింటిలో దేనికీ ఈ పేస్టు రాయకూడదు. రాస్తే మంట తగ్గినట్లు అనిపిస్తుంది గాని, లోపల వ్యాధి విస్తరిస్తుంది. మధుమేహం, క్షయ, కడుపులో పుండు ఉన్నవారు, గర్భిణులు వైద్యుని అడగకుండా వాడరాదు. పసిపిల్లలకు పెద్దలే నిర్ణయించి రాయరాదు.

వైద్యుడు వాడమన్నాడనుకుందాం. పూసే పద్ధతి ఇది. భోజనం ముగించి, నోరు పుక్కిలించి, చేతులు సబ్బుతో కడుక్కోవాలి. పుండు ఉన్న చోట తడిని శుభ్రమైన మెత్తని గుడ్డతో మెల్లగా అద్దాలి. తడి మీద పేస్టు నిలవదు. సుమారు అర సెంటీమీటరు పేస్టును వేలికొనపై తీసుకొని పుండుపై ఒత్తి పెట్టాలి. పలుచని పొర ఏర్పడితే చాలు. వెన్న పూసినట్లు రుద్దకూడదు. రుద్దితే పేస్టు పొడిపొడిగా, ఇసుక పలుకులా మారి ఊడిపోతుంది. ఆ తరువాత కనీసం అరగంట ఏదీ తినక, తాగక ఉండటం మంచిది. రాత్రి నిద్రకు ముందు రాయడం శ్రేష్ఠం, ఎందుకంటే రాత్రంతా మందు పుండును అంటిపెట్టుకొని ఉంటుంది. అవసరమైతే పగలు భోజనానంతరం కూడా, మొత్తం రోజుకు రెండు మూడు సార్లు రాయవచ్చు. రంజాన్ మాసంలో ఇఫ్తార్ తరువాత, నిద్రకు ముందు, సహరీ ముగిశాక ఆ వేళలను సర్దుకోవచ్చునా అని వైద్యుని అడగండి. ఉపవాస నియమాల సంగతి ఉలమాలను అడగండి.

మరొక ప్రశ్న మా సోదరులు తరచు అడుగుతారు. పుండుకు అంటుకొని ఉండేందుకు ఇటువంటి కొన్ని పేస్టులలో జెలటిన్, పెక్టిన్ వంటివి కలుపుతారు. జెలటిన్ జంతు సంబంధమైన పదార్థం. దాని పట్ల అభ్యంతరం ఉన్నవారు మందు మానివేసి బాధపడనవసరం లేదు. అట్టపైనున్న వివరాలు చదివించుకొని, ఇతర రూపంలో మందు ఇవ్వగలరా అని వైద్యుని అడిగితే సరిపోతుంది. అడగడానికి సంకోచించకూడదు.

మందుల షాపుల వద్ద జరిగే పొరపాట్లు మూడు. మొదటిది, నొప్పి తెలియకుండా చేసే జెల్‌ను, స్టెరాయిడు పేస్టును ఒకటిగా భావించడం. రెండూ వేరు వేరు మందులు. రెండవది, చర్మానికి రాసే స్టెరాయిడు క్రీమును నోటిలో రాసుకోవడం. అది ఎంతమాత్రం తగదు. మూడవది, పాత ట్యూబును ఇరుగుపొరుగుకు ఇవ్వడం. అట్టపై ఎర్రగీత, చీటీ లేనిదే అమ్మరాదన్న హెచ్చరిక ఉన్న మందును చీటీతోనే కొనాలి, బిల్లు తీసుకోవాలి. బిల్లు ఉంటేనే రేపు ప్రశ్నించగలం.

ఇప్పుడు అన్నిటికంటె ముఖ్యమైన మాట. ఈ మందుకు గడువు 7 రోజులు. ఆ లోపల పుండు గణనీయంగా మానకపోతే ట్యూబు మార్చడం కాదు, వైద్యుడు మరల పరీక్షించాలి. మూడు వారాలు దాటినా మానని పుండు, నొప్పి లేకపోయినా గట్టిపడిన పుండు, తుడిచినా పోని తెల్లని లేక ఎర్రని మచ్చ, మెడలో గడ్డ, నోరు పూర్తిగా తెరవలేకపోవడం: ఇవి క్యాన్సరు లక్షణాలు కావచ్చు, లేదా దానికి దారితీసే స్థితులు కావచ్చు. పుండు నొప్పి లేదని సంతోషించరాదు. క్యాన్సరు పుండు తొలిదశలో తరచుగా నొప్పి పెట్టదు.

మా బస్తీలో ఒక దర్జీ ఉన్నారు. నాలుక పక్కన పుండుకు నాలుగు నెలలు ట్యూబు మీద ట్యూబు రాసుకున్నారు. రాసినప్పుడల్లా మంట తగ్గేది, అందుచేత మందు పనిచేస్తున్నదనే నమ్మారు. చివరకు ప్రభుత్వ ఆసుపత్రిలో చిన్న ముక్క తీసి పరీక్షిస్తే క్యాన్సరు అని తేలింది. శస్త్రచికిత్స జరిగింది, ప్రాణం దక్కింది. కాని ఆయన మాట ఇంట్లోవారికి తప్ప ఇతరులకు అర్థం కాదు. కొలతలు ఇప్పుడు కాగితంపై రాసి చూపుతున్నారు. నాలుగు నెలల ముందే నోరు చూపించి ఉంటే వైద్యం ఇంత కఠినంగా ఉండేది కాదని వైద్యులు అన్నారు.

వక్క ఒక్కటే అయినా హానికరమని మనవారు ఒప్పుకోరు. పొగాకు లేకున్నా వక్క క్యాన్సరు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన నివేదికలో పేర్కొంది. గుట్కా, జర్దా, ఖైనీ సంగతి చెప్పనక్కరలేదు. ఉత్తరాంధ్ర తీరంలో స్త్రీలు మండే కొసను నోటిలో ఉంచుకొని కాల్చే అడ్డపొగ అంగిటిని కాల్చివేస్తుంది. ఈ అలవాట్లు ఉన్నవారి నోటిలో పుట్టిన ఏ పుండునూ నోటిపూత అని తేలికగా తీసుకోకూడదు.

ఎక్కడికి వెళ్లాలి? 30 ఏళ్లు దాటిన ప్రతివారికీ నోటి క్యాన్సరు పరీక్షను ప్రభుత్వ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలలో ఉచితంగా చేయవలసి ఉంది. హైదరాబాదులో బస్తీ దవాఖానాలున్నాయి, అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్యశాల ఉంది, రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సరు ఆసుపత్రి ఉంది. విజయవాడ, కడపలలోనూ ప్రభుత్వ దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. అక్కడ సేవ కోరడం ఎవరి దయాదాక్షిణ్యమూ కాదు. నోరు చూపించడానికి స్త్రీ వైద్యురాలు కావాలంటే ఆ మాట కూడా నిస్సంకోచంగా అడగవచ్చు.

మీతో మేము కోరేది ఒక్కటే. ఈ రాత్రి ఇంటికి వెళ్లి మందుల డబ్బా తెరవండి. నోటికి రాసే ట్యూబు ఉంటే పేరు, గడువు తేదీ చదవండి. దానిని ఎవరు, ఎన్ని రోజులుగా రాసుకుంటున్నారో అడగండి. ముఖ్యంగా ఇంటి ఆడవారిని అడగండి, ఎందుకంటే వారు తమంతట తాము చెప్పరు. వారం దాటిందని ఎవరైనా చెబితే రేపు ఉదయమే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. కాగితాలు రాయవలసి వస్తే మేము ఉన్నాము.

సెలవు.