గీత గీయకముందే పిలవాలి



నియోజకవర్గాల పునర్విభజన అధికారుల పని, పటాల పని అని మనలో చాలామంది భావిస్తారు. కానీ ఒక మండలాన్ని ఎందులో కలుపుతారు, ఏ స్థానాన్ని రిజర్వు చేస్తారు అన్నవే అక్కడి ఓటు బలాన్ని ఏళ్ల తరబడి నిర్ణయిస్తాయి. 2006లో సచార్ కమిటీ ఈ సంగతినే ఎత్తిచూపింది. ఉత్తరప్రదేశ్, బీహార్, పశ్చిమ బెంగాల్‌లలో ముస్లింలు గణనీయంగా ఉన్న కొన్ని స్థానాలు షెడ్యూల్డు కులాలకు రిజర్వు కాగా, ఆ కులాలవారు అంతకంటె ఎక్కువగా ఉన్న స్థానాలు జనరల్‌గా మిగిలాయి. దళిత సోదరుల రిజర్వేషన్‌తో మాకు పేచీ లేదు. అది వారి హక్కు. ఆ స్థానాలను ఎక్కడ, ఏ లెక్కన ఎంచారన్నదే మా ప్రశ్న.

ఈ ప్రశ్న అడిగేందుకు ప్రజలకున్న వీలెంత? 2002 నాటి పునర్విభజన చట్టం ప్రకారం కమిషన్ ముసాయిదాను ప్రచురించాలి, గడువు విధించి అభ్యంతరాలు స్వీకరించాలి, ప్రతి రాష్ట్రంలో బహిరంగ విచారణ జరపాలి. రాష్ట్రమంతటికీ ఒక్క విచారణ జరిపినా చట్టం నెరవేరినట్లే! ముసాయిదా దశలో కమిషన్‌కు సహాయపడే సహసభ్యులు ఎంపీలు, ఎమ్మెల్యేలే. వారికి ఓటు హక్కు లేదు, నిజమే. అయినా తమ సీటు భవితవ్యం తేలే బల్ల దగ్గర వారుంటారు, ఓటరు ఉండడు. తుది ఉత్తర్వును న్యాయస్థానంలో ప్రశ్నించరాదని కూడా చట్టం అంటున్నది. స్పష్టమైన ఏకపక్షత ఉంటే జోక్యం చేసుకోవచ్చునని సుప్రీంకోర్టు 2024లో చెప్పడం కొంత ఊరట.

అస్సాంలో ఏమి జరిగింది? 2023 జూన్ 20న ఎన్నికల సంఘం ముసాయిదా విడుదల చేసింది. 126 శాసనసభ స్థానాలున్న రాష్ట్రానికి గువాహటిలో మూడు రోజుల విచారణ జరిగింది. ఆగస్టు 11న తుది ఉత్తర్వు వచ్చింది. నదీ తీరపు గ్రామాల కూలీ తన కూలి వదులుకొని గువాహటి చేరగలడా?

వేరొక దారి లేకపోలేదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో 2004లో ఎన్నికల పద్ధతిని పరిశీలించే పనిని నాయకులకు కాక, లాటరీ పద్ధతిన ఎంచిన 160 మంది పౌరులకు అప్పగించారు. ప్రతి నియోజకవర్గం నుంచి ఒక స్త్రీ, ఒక పురుషుడు, వారితోపాటు ఆదివాసుల నుంచి ఇద్దరు. వారు నెలల తరబడి చదివారు, ఊరూరా విచారణలు జరిపారు, ఆ తరువాతే సిఫారసు చేశారు. 2005 ప్రజాభిప్రాయ సేకరణలో దానికి 57 శాతానికి పైగా మద్దతు లభించినా, ముందుగా విధించిన 60 శాతం షరతు వల్ల అది నిలిచిపోయింది. ఆ షరతు పెట్టింది ప్రభుత్వమే గాని పౌరులు కాదు. ఫలితం దక్కకపోయినా, సామాన్యులకు ఇవి అర్థం కావన్న వాదన మాత్రం అక్కడ వీగిపోయింది.

మన రెండు తెలుగు రాష్ట్రాలలో పునర్విభజన జరిగేనాటికి మేము కోరేది ఇది: గీతలు గీయకముందే జిల్లా జిల్లాలో విచారణ జరపాలి. జనాభా లెక్కలు, పటాలు తెలుగులోనూ ఉర్దూలోనూ మండల కార్యాలయంలో అందుబాటులో ఉంచాలి. ప్రతి అభ్యంతరానికి, తోసిపుచ్చినదానికి సైతం, కారణం రాతపూర్వకంగా ఇవ్వాలి. ఇందుకు రాజ్యాంగ సవరణ అక్కరలేదు. అంతవరకు మీ మండలంలోని పోలింగు కేంద్రాల జాబితాను, గ్రామాలవారీ జనాభా లెక్కలను ఇప్పటినుంచే సేకరించి ఉంచండి. విచారణకు పిలుపు వచ్చిన తరువాత వెతుక్కునేంత వ్యవధి ఉండదు.