సెలవుల్లో సైకిలు, ఇంట్లో హెచ్.డి. టీవీ

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను పది నిమిషాలు ఏదైనా మాట్లాడమన్నారు. కరువు భత్యం గురించి, ఆరోగ్య కార్డుల గురించి నాకంటే బాగా తెలిసినవారు ఇప్పటికే మాట్లాడారు. నేను గుమాస్తాగా చేరి గుమాస్తాగానే రిటైరైనవాణ్ణి. అందుచేత నాకు అనుభవమైన రెండు చిన్న సంగతులు మాత్రం మనవి చేస్తాను. ఒకటి సైకిలు, రెండోది టీవీ. ఈ రెంటికీ సంబంధమేమిటని ముందు వరుసలో నవ్వుతున్నారు. కాస్త ఓపిక పట్టండి.

నా సైకిలు సర్వీసులో చేరిన కొత్తలో సైకిలు అడ్వాన్సు తీసుకుని కొన్నది. నెలనెలా జీతంలో కోత పడేది. తాలూకా ఆఫీసులు పోయి మండలాలు వచ్చాయి, నాకు ఆరు బదిలీలయ్యాయి, ఆ సైకిలు మాత్రం నాతోనే ఉంది. 2018లో మా అబ్బాయి వచ్చి, "నాన్నగారూ, ఈ వయసులో రోడ్ల మీద సైకిలేమిటి, హాయిగా ఇంట్లో కూర్చోండి" అన్నాడు. వాడి భయం నాకు తెలుసు. అయినా ఆ డిసెంబరులో రాజమండ్రిలో మా రెండో అమ్మాయి దగ్గరకు పదిరోజులు వెళ్తూ, సైకిలును కూడా తీసుకుని వెళ్లాను. ఒక విధంగా అది మొండితనమే.

రైల్లో సైకిలు తీసుకుపోవడం కష్టమేమీ కాదు. కానీ పద్ధతి తెలియాలి. మన టికెట్టుతో వచ్చే ఉచిత లగేజీలో సైకిలు కలవదు. టికెట్టు చూపించి పార్సెలు ఆఫీసులో వేరే డబ్బు కట్టి రసీదు తీసుకోవాలి. అది గార్డు పెట్టె పక్కనుండే లగేజీ వ్యానులో వస్తుంది. బెల్లు, పంపు, తాళంచెవి ముందే విప్పి సంచిలో వేసుకోండి. హ్యాండిలు బోల్టు వదులు చేసి పక్కకు తిప్పితే చోటు తక్కువ పడుతుంది. పెడళ్లు విప్పేవారు ఒకటి గుర్తుంచుకోవాలి: ఎడమ పెడలు మర ఎదురు మర. మామూలుగా విప్పబోతే ఇంకా బిగుసుకుంటుంది. నేను పావుగంట దానితో కుస్తీ పట్టాక మా వీధి సైకిలు షాపు కుర్రాడు చెప్పాడు. పేరు, ఎక్కే స్టేషను, దిగే స్టేషను రాసిన అట్టముక్కలు రెండు కట్టాలి. ఒకటి ఊడినా రెండోది ఉంటుంది. ఇంకొక మాట, రైలు ఒకటి రెండు నిమిషాలే ఆగే చిన్న స్టేషన్లు ఇందుకు పనికిరావు. వ్యాను తలుపు తీసి, సామాను దింపేలోగా బండి కదిలిపోతుంది.

ఇంత చెబుతున్నానుగాని మొదటిసారి నేనే తప్పు చేశాను. బండికి పావుగంట ముందు పార్సెలు ఆఫీసుకు వెళ్లాను. రసీదు ఇచ్చారు, సైకిలు మాత్రం ఎక్కలేదు. రాజమండ్రిలో దిగి వ్యాను దగ్గర నిలబడితే కొబ్బరిబస్తాలూ, అట్టపెట్టెలూ దిగాయి, నా సైకిలు దిగలేదు. మా ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. అదే నాకు ఎక్కువ బాధగా తోచింది. రెండు రోజులకు వేరే బండిలో వచ్చింది. గంటకు తక్కువ కాకుండా ముందే వెళ్లి, కళ్లముందు ఎక్కించాకనే మనం ఎక్కడం మంచిది.

గోదావరి జిల్లాల్లో సైకిలు తొక్కడం ఒక సుఖం. ఎత్తుపల్లాలు లేవు, కాలవగట్టు వెంట నీడ. ధవళేశ్వరం దాకా పొద్దున్నే వెళ్లి కాటన్ దొర మ్యూజియం చూశాను. 1847లో ఆనకట్ట పని మొదలుపెట్టి 1852కు పూర్తిచేశారు. ఇప్పుడున్న బ్యారేజీ ఆ తర్వాత కట్టినది. మరొకరోజు కడియపులంక నర్సరీలకు వెళ్లి ఒక మల్లెమొక్క క్యారియరుకు కట్టుకుని తెచ్చాను. మోకాళ్లు రెండోరోజు కొంచెం అలిగాయి, మూడోరోజుకు సర్దుకున్నాయి.

సాయంకాలాలు మా ఆవిడా నేనూ పుష్కరఘాట్‌లో కూర్చునేవాళ్లం. ఎదురుగా రైలు వంతెన, విల్లుల్లాగా కమానులు. ఒకనాడు, "ఏమండీ, ఈ దీపాల చుట్టూ ఆ వలయాలేమిటి, పొగమంచా?" అని అడిగింది. ఆరోజు మంచు లేదు. నేను పట్టించుకోలేదు. "నది దగ్గర కదా, తేమ" అని ఏదో చెప్పి ఊరుకున్నాను. ఆ మాట నేను తర్వాత చాలాసార్లు తలుచుకున్నాను.

ఇంటికి వచ్చేసరికి సంక్రాంతి. మా అబ్బాయి 43 అంగుళాల హెచ్.డి. టీవీ గోడకు బిగించి ఉంచాడు. నన్ను ఇంట్లో కూర్చోబెట్టడానికి వాడు వేసిన ఎత్తు అది! అప్పటిదాకా మాది 21 అంగుళాల పాత డబ్బా టీవీ. పెట్టిన మర్నాటి నుంచే మా ఆవిడ, "బొమ్మ మసగ్గా ఉందండీ, పాతదే నయం" అనడం మొదలుపెట్టింది. నాకు కోపం వచ్చింది. అంత డబ్బు పోసి కొంటే మసకేమిటి? ఈ హెచ్.డి. అంటే ఏమిటో తేల్చుకుందామని కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను.

టీవీ బొమ్మ అంటే మన రిజిస్టరులాంటిదే. అడ్డంగా వరసలు, వరసకు ఇన్ని గళ్లు, గడికొక చుక్క రంగు. మన పాత దూరదర్శన్ పద్ధతిలో 625 వరసలు, అందులో కంటికి కనబడేవి 576. డిజిటల్ లెక్కలో వరసకు 720 గళ్లు. గుణిస్తే 4,14,720. పూర్తి హెచ్.డి.లో 1080 వరసలు, వరసకు 1920 గళ్లు. గుణిస్తే 20,73,600. భాగించి చూశాను, శేషం లేకుండా సరిగ్గా అయిదు రెట్లు! లెక్క అలా కలిస్తే గుమాస్తాకు ఎంత సంతోషమో మీకు చెప్పనక్కరలేదు. దీనిమీద పరిశోధన జపాను ప్రసార సంస్థ 1964 ఒలింపిక్స్ తర్వాత మొదలుపెట్టింది. మనకు దూరదర్శన్ హెచ్.డి. 2010 కామన్‌వెల్త్ క్రీడలకు వచ్చింది.

అయితే టీవీ ఒక్కటీ హెచ్.డి. అయితే చాలదు. ఛానెలు హెచ్.డి.లో రావాలి, డబ్బా హెచ్.డి.ది కావాలి, డబ్బా నుంచి టీవీకి వచ్చే వైరు కూడా హెచ్.డి.ఎం.ఐ. అనే బల్లపరుపు మూతి వైరు కావాలి. పసుపు, ఎరుపు, తెలుపు మూతుల పాత వైర్లలో పసుపుది మోసేది పాత బొమ్మనే. ఇందులో ఏ ఒక్కటి పాతదైనా చిన్న బొమ్మను సాగదీసి పెద్ద తెరమీద పరచినట్టే. సైక్లోస్టైల్ కాపీని జెరాక్సులో పెద్దది చేస్తే అక్షరం స్పష్టమవుతుందా? మరొకటి, పాత బొమ్మ వెడల్పు ఎత్తుకు 4కు 3, కొత్త తెర 16కు 9. సెట్టింగు సరిచేయకపోతే సన్నటి హీరోయిను కూడా బొద్దుగా కనిపిస్తుంది. మా ఇంట్లో కొన్నాళ్లు అందరూ అలాగే ఉన్నారు.

పాత సినిమా నెగెటివు బాగుంటే దాన్నుంచి కొత్తగా హెచ్.డి. కాపీ తీయవచ్చు. ఫిల్ములో అంత వివరం ఉంటుంది. కానీ ఆ రోజుల్లో వీడియో టేపు మీద తీసిన సీరియళ్లలో ఆ వివరం మొదటే లేదు. ఎంత గొప్ప టీవీ కొన్నా రాదు.

సరే, మా డబ్బా కుర్రాణ్ణి మూడుసార్లు పిలిపించాను. డబ్బా మార్పించాను, వైరు మార్పించాను. కంపెనీకి ఫిర్యాదు కూడా రాశాను, అలవాటు ప్రకారం మూడు ప్రతులు. అయినా మా ఆవిడ మసక అంటూనే ఉంది. ఒకరోజు విసుగెత్తి, "నీకు చూడటం చేతకాదు" అనేశాను. ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

చివరకు దూరం సంగతి తెలిసింది. హెచ్.డి. వివరమంతా కంటికి అందాలంటే తెర ఎత్తుకు సుమారు మూడు రెట్ల దూరంలో కూర్చోవాలి. మా తెర ఎత్తు 21 అంగుళాలు, అంటే అయిదడుగుల చిల్లర. మా సోఫా పదకొండు అడుగుల్లో ఉంది. అంత దూరాన్నుంచి పాతదానికీ కొత్తదానికీ తేడా పెద్దగా తెలియదు. కుర్చీలు ముందుకు జరిపాను. కింద పరుగెత్తే వార్తల అక్షరాలు నాకు గీతగీసినట్టు కనబడ్డాయి. మా ఆవిడకు కనబడలేదు. ఎందుకో అరచేత్తో ఒక కన్ను మూసుకుని చదవమన్నాను. ఎడమకంటితో తడుముకుంటూ చదివింది. కుడికంటితో, "తెల్లగా పొగలా ఉందండీ" అంది.

అప్పుడు నాకు పుష్కరఘాట్ దీపాలు గుర్తొచ్చాయి.

మర్నాడే కంటి డాక్టరుగారి దగ్గరకు వెళ్లాం. రెండు కళ్లలోనూ శుక్లాలు, కుడిది బాగా ముదిరింది అన్నారు. ఆలస్యం చేస్తే కష్టమయ్యేది, పరవాలేదు అన్నారు. ఫిబ్రవరిలో ఒకటి, ఏప్రిల్‌లో ఒకటి ఆపరేషను చేసి లెన్సులు పెట్టారు. కట్టు విప్పి ఇంటికి వచ్చాక ఆవిడ మొదట టీవీ చూడలేదు. వంటింటి గోడ చూసి, "అయ్యో, ఇంత జిడ్డుందా" అంది. తర్వాత నన్ను చూసి, "మీరు ఇంత ముసలివారయ్యారేమిటండీ" అంది. డబ్బా కుర్రాణ్ణి పిలిచి కాఫీ ఇచ్చి, తప్పు నాదేనని చెప్పాను. వాడు నవ్వి, మూడుసార్లు వచ్చినందుకు కాఫీ ఒక్కటేనా సార్ అన్నాడు.

ఇక్కడున్నవారిలో చాలామంది నా ఈడువారే. ఇంటికి వెళ్లాక టీవీ ముందు ఒక కన్ను, తర్వాత రెండోది మూసి చూసుకోండి. మీరు చూసుకున్నాక మీ ఇంట్లోవాళ్లచేత కూడా చూపించండి. వాళ్లంతట వాళ్లు చెప్పరు.

ఆ కార్తీకంలో మళ్లీ రాజమండ్రి వెళ్లాం. సైకిలు సంగతి ఈసారి గంటన్నర ముందే చూసుకున్నాను. తెల్లవారుతుండగా బండి గోదావరి వంతెన ఎక్కింది. మా ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని కమానులు లెక్కపెడుతూ, ఇరవై ఎనిమిది అంది. నేను మధ్యలో తప్పిపోయాను. లెక్క ఆవిడదే సరి అని తర్వాత తెలిసింది. స్టేషనులో దిగి నేను జేబులో రసీదు వెతుక్కుంటుంటే, ప్లాట్‌ఫారం చివర దింపుతున్న సామాను వైపు చూసి, "అదిగో అండీ మన సైకిలు, అట్టమీద మీ దస్తూరీ కనబడుతోంది" అంది. నాకు ఇంకా సైకిలే కనబడలేదు.