మట్టి దులిపి ఏరుకుందాం

(మార్లవాయిలో హైమన్‌డార్ఫ్ దంపతుల సమాధుల వద్ద జరిగిన వర్ధంతి సభలో మా సంఘం తరఫున చేసిన ప్రసంగం)

జై జంగో! జై లింగో!



ఏటా జనవరి 11న ఇక్కడ పూలమాలలు వేస్తున్నాం. ఈసారి మన పిల్లలు ఒక ప్రశ్న అడిగారు. "భీంను చంపిన సర్కారులో కొలువు చేసినాయనకు మనం దండ ఎందుకు వేయాలి?" దీనికి కోప్పడితే కాదు, జవాబు చెప్పాలి.

పిల్లలు అన్నదాంట్లో అబద్ధం లేదు. 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంను కాల్చి చంపింది నిజాం పోలీసులే. ఆ తర్వాత మన మధ్యకు వచ్చిన ఆస్ట్రియా దేశస్థుడు హైమన్‌డార్ఫ్, 1945లో అదే సర్కారుకు గిరిజన సలహాదారు అయ్యారు. జల్, జంగల్, జమీన్ మీద మన రాజ్యం కావాలని భీం అడిగారు. సర్కారు మనల్ని కాపాడాలని హైమన్‌డార్ఫ్ అడిగారు. ఈ రెండూ ఒకటి కాదు. ఆ తేడాను దాచకూడదు.

అయినా ఆయన చేసిన మేలు కూడా ఉంది. సాగు భూములు పరుల పాలవడం, అటవీ సిబ్బంది వేధింపులే ఆ తిరుగుబాటుకు మూలమని ఆ కొలువులో ఉండే రాశారు. ఈ మార్లవాయిలోనే గోండు యువకులను పంతుళ్లుగా తయారుచేసే కేంద్రం పెట్టించారు. దేవనాగరి లిపిలో గోండీ వాచకాలు రాయించారు. మనవాళ్లకు పట్టాల కోసం పట్టుబట్టారు. 1970ల చివర్లో తిరిగి వచ్చి, ఆ భూములు మళ్లీ చేజారడం చూసి, 1982లో వెలువడిన పుస్తకంలో దాపరికం లేకుండా రాశారు.

ఇంకో మాట. మన దేవతల గురించి, గోత్రాల గురించి 1948లో ఆయన అచ్చు వేయించిన కథలు ఆయన బుర్రలో పుట్టినవి కావు. ప్రధాన్లు కిక్రి వాయిస్తూ పాడినవి. ఆ ప్రధాన్లనే మనలో కొందరు దానాలకు చేయి చాపేవాళ్లని తక్కువగా చూశాం. దొర రాసిన పుస్తకాన్ని అద్దాల బీరువాలో పెట్టి, పాడిన మనిషిని గుమ్మం బయట కూర్చోబెడితే అది ఏం న్యాయం? పిల్లల ప్రశ్న దొరను ఉద్దేశించి మొదలైంది కానీ, చివరికి మన గడపకే వచ్చింది.

ఇప్పపువ్వు కొమ్మ మీద కోయం, నేల మీద ఏరుకుంటాం. మట్టి అంటిందని వదిలేయం. అలాగని మట్టితో సహా వండుకోం. దులిపి, ఎండబెట్టి, దాచుకుంటాం. పుస్తకాన్నైనా, మనిషినైనా మన అమ్మలు నేర్పిన ఈ పద్ధతిలోనే చూద్దాం.

అందుకే ఈ ఏడాది మా సంఘం ఒక పని పెట్టుకుంది. ఆ పుస్తకంలోని కథలను ఒక్కొక్కటే ప్రధాన్ పెద్దల ముందు చదివి వినిపిస్తాం. తప్పులుంటే వాళ్ల చేతే దిద్దిస్తాం. వాళ్ల గొంతుతో గోండీలో రికార్డు చేస్తాం. ప్రశ్న అడిగిన పిల్లలే ఈ పనికి ముందు నడవాలి.

అమరుడు కుమ్రం భీంకు జోహార్లు. కథను కాపాడిన ప్రధాన్లకు, దాన్ని కాగితం మీద పెట్టిన ఈ దంపతులకు దండాలు.

జై జంగో! జై లింగో!