ఆటిజము గల బిడ్డలు – మస్తిష్కతరంగ శిక్షణ



మన విద్యానిధి సొమ్ముతో, ఆటిజము గల బిడ్డలకొఱకు న్యూరోఫీడ్‌బ్యాక్ యంత్రమొకటి కొనవలయునను తీర్మానము రేపు సభముందునకు రానున్నది. ప్రతిపాదించిన పోషకులది దొడ్డమనసు. అయినను నిర్ణయమునకు ముందు కొన్ని మాటలు విన్నవింపగోరుచున్నాము.

మెదడునందు సూక్ష్మవిద్యుత్తరంగములు నిరంతరము కలుగుచుండును. జర్మనీదేశపు వైద్యుడు హాన్స్ బెర్గర్ 1924లో మనుష్యునియందు వానిని నమోదుచేసి, 1929లో ప్రకటించెను. నేటి శిక్షణలో బిడ్డ తలకు చిన్న లోహపుబిళ్లలు అంటింతురు. కోరిన తరంగము హెచ్చినపుడు తెరపై బొమ్మ యాడును, తగ్గినపుడు నిలిచిపోవును. మెచ్చుకోలుచే మనస్సును త్రిప్పుకొనుట బడిపంతులకు క్రొత్తవిద్య కాదు! అమెరికాలో బారీ స్టెర్మన్ మొదట పిల్లులకు పాలు మున్నగునవి యిచ్చి యీ శిక్షణ గఱపెను. 1972లో మూర్ఛరోగియందు ఫలితము కనబడెనని ప్రకటించెను. పిమ్మట దీనినే యితరులు ఆటిజమునకు అన్వయించిరి.

అన్వయము కుదిరినదా? యంత్రము పెట్టినపిదప మాట వచ్చెను గాన యంత్రమువలననే వచ్చెననుట కాకతాళీయము. కాకి వ్రాలినది, తాటిపండు రాలినది. బిడ్డ యెటులైనను ఎదుగుచునే యుండును గదా! ఈ సందేహము తీర్చుటకే హాలండు పరిశోధకులు 38 మందిని మూడు జట్లుగా చేసి, 2013లో ఫలితము ప్రకటించిరి. ఒక జట్టునకు మస్తిష్కతరంగముల శిక్షణ; వేఱొకదానికి చర్మముపై విద్యుత్తునుబట్టి శిక్షణ; తమకు జరుగునది యేదో వారెఱుగరు. మూడవజట్టు వేచియుండెను. తరంగములను లొంగదీసికొన్నవారియందును ఆటిజలక్షణములు లెక్కకు వచ్చునంత తగ్గలేదు. ఒక తలపునుండి వేఱొకదానికి మరలు నేర్పుమాత్రము హెచ్చెను. అదియు చెప్పకుండుట న్యాయము కాదు. ఆ సంవత్సరమే ఇంగ్లండునందలి నైస్ అను సంస్థ, ఆటిజము గల బాలబాలికల వాగ్లోపములకు ఈ పద్ధతిని వాడవలదని మార్గదర్శకమున వ్రాసెను.

మా యింటిమాటయు చెప్పెదము. మా దౌహిత్రుని ఒక పట్టణమునందలి చికిత్సాలయమునకు నలువది దినములు త్రిప్పితిమి. ఆతని తల్లి గాజులు అమ్మినది. కాగితముపై గీతలు చక్కబడినవని వారు చూపిరి. బాలుడు మాత్రము దప్పిక యైనపుడు గోడకు తల కొట్టుకొనుట మానలేదు. అటుపిమ్మట ఒక ఉపాధ్యాయిని బొమ్మచీట్లు చేతికిచ్చి నేర్పగా, మూడవనెలలో నీళ్లచెంబు బొమ్మ తెచ్చి మా యొడిలో పెట్టెను. ఈమెను ముందే వెదకవలసినది. సంస్కృతవ్యాకరణము ముప్పదియేండ్లు చెప్పిన మాకు ఆ బుద్ధి పుట్టలేదు.

కావున తీర్మానమునకు మా సవరణ యిది: ఆ సొమ్ముతో మన యువతుల నిరువురిని ప్రత్యేకోపాధ్యాయవిద్యకు పంపవలెను. సికింద్రాబాదు మనోవికాసనగరమున 1984లో నెలకొల్పబడిన కేంద్రప్రభుత్వ సంస్థయందు ఇట్టి శిక్షణ కలదు. యంత్రము కొన్నను దాని ముందు కూర్చుండు నేర్పరి యొకరు కావలయును గదా!

ఆ బొమ్మచీట్లు వెంట తెచ్చితిమి. చూడగోరు తల్లిదండ్రులు భోజనానంతరము తూర్పువసారాకు దయచేయుదురు గాక.