కారు ముందు భాగం దించితే స్టీరింగు రాడ్లకు ఏమవుతుంది?

(వాకాడు విశ్రాంత ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను గురించి, మెడికల్ బిల్లుల గురించి మాట్లాడవలసిన వారు మాట్లాడేశారు. నాకిచ్చిన కొద్దిసేపట్లో కారు కింద పడుకుంటే కనిపించే సంగతి ఒకటి చెబుతాను. సర్వీసంతా వర్క్‌షాపులో గడిపినవాణ్ణి, నా దగ్గర ఉన్న సరుకు అదే.

మనలో కొందరి ఇళ్ల పక్క పాకల్లో పాత అంబాసిడర్లు, ప్రీమియర్ పద్మినులు, జీపులు ఇంకా ఉన్నాయి. అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. పద్మిని అంతకు చాలా ముందే ఆగింది. దొరకని వస్తువు మీదే కదా మోజు! చెన్నైలోనో బెంగుళూరులోనో ఉద్యోగం చేసే మనవడు పండక్కి వచ్చి, "తాతా, ముందు భాగం రెండంగుళాలు దించితే బండి భలే ఉంటుంది" అంటాడు. పద్మినికైతే కాయిల్ స్ప్రింగు కోయిస్తారు. అంబాసిడర్‌కు స్ప్రింగు బదులు టార్షన్ బార్ ఉంటుంది గనుక దాన్ని తిప్పి బిగిస్తారు. పూటలో అయిపోయే పని. బండి చూడడానికి బాగుంటుంది, నేను కాదనను. కానీ ఆ పూట స్టీరింగు రాడ్ల వంక ఎవరూ చూడరు. నా బాధ అదే.

ఎద్దుల బండికి ఇరుసు ఒకటే, రాడ్లు లేవు, ఈ చిక్కూ లేదు. కారు ముందు చక్రాలు దేనికది తిరుగుతాయి. చక్రాన్ని పట్టుకుని ఉండేవి సస్పెన్షన్ ఆర్ములు. దాన్ని పక్కకు తిప్పేది టై రాడ్. గతుకు వచ్చినప్పుడు ఆర్ము చివర ఒక వంపులో పైకి లేస్తుంది, టై రాడ్ చివర మరో వంపులో లేస్తుంది. ఈ రెండు వంపులూ కలిసి నడిచేటట్టు కంపెనీ వాళ్లు రాడ్ పొడవు, ఎత్తు నిర్ణయిస్తారు. ఒక తాడు పొడుగు, ఒక తాడు పొట్టిగా కట్టిన ఉయ్యాల బల్లను తలుచుకోండి. మెల్లగా ఊగితే తేడా తెలియదు. గట్టిగా ఊపితే బల్ల వంకర తిరుగుతుంది. కారును దించడమంటే ఆ ఉయ్యాలను ఎప్పుడూ వంకర తిరిగే చోటనే నిలబెట్టడం.

చిన్న లెక్క చెబుతాను, విసుక్కోకండి. ఆర్ము 250 మిల్లీమీటర్లు, రాడ్ 300 మిల్లీమీటర్లు, రెండూ నేలకు సమాంతరంగా ఉన్నాయనుకుందాం. చక్రం 50 మిల్లీమీటర్లు పైకి లేస్తే ఆర్ము చివర 5 మిల్లీమీటర్లు లోపలికి జరుగుతుంది, రాడ్ చివర 4 మిల్లీమీటర్ల పైచిలుకు. తేడా ఒక మిల్లీమీటరు లోపే. ఇప్పుడు అదే బండిని 50 మిల్లీమీటర్లు దించాం. అంటే కదలక ముందే చక్రం 50 పైన ఉంది. గతుకులో ఇంకో 50 లేస్తే ఆర్ము చివర మొత్తం 21 దాకా వస్తుంది, రాడ్ చివర 17 దగ్గరే ఆగుతుంది. ఆ ఒక్క కుదుపులోనే సుమారు 3 మిల్లీమీటర్ల తేడా పెరిగింది. రాడ్ తగిలే స్టీరింగు ఆర్ము పొడవు 125 అయితే, చక్రం ఒక డిగ్రీకి పైగా దానంతటదే తిరిగినట్టు. మీ చేతిలో స్టీరింగు కదలలేదు, చక్రం మాత్రం తిరిగింది. దీన్నే బంప్ స్టీర్ అంటారు. రెండు చక్రాలూ కలిసి లేస్తే టైర్లు అరుగుతాయి. ఒకటే లేస్తే బండి పక్కకు లాగుతుంది. కోట మీదుగా గూడూరు వెళ్లే దారిలో ఎదురుగా బస్సు వస్తున్నప్పుడు ఆ లాగుడు ఎంత పని చేస్తుందో నేను చెప్పనక్కర లేదు.

"అలైన్‌మెంట్ చేయించాం కదండీ" అంటారు. అలైన్‌మెంట్ చూసేది చదును నేల మీద, నిలిపిన బండికి. అక్కడ టో-ఇన్ సరిచేస్తారు, కాగితం చేతిలో పెడతారు. కాగితం అబద్ధం కాదు. కాకపోతే గతుకులో చక్రం ఏం చేస్తుందో ఆ కాగితానికి తెలియదు.

అది తెలుసుకోవడానికి మిషను అక్కరలేదు. కారును స్టాండ్ల మీద గట్టిగా నిలిపి, స్ప్రింగు బలం తీసేసి (ఈ పని మెకానిక్కే చేయాలి, నొక్కి ఉన్న స్ప్రింగు చేతులు విరగ్గొడుతుంది), స్టీరింగును సూటిగా కట్టేయండి. హబ్బుకు తిన్నని చెక్క ఒకటి బిగించి, దాని ముందు చివర, వెనక చివర ఎదురుగా నేల మీద కదలని గుర్తులు పెట్టండి. జాకీతో చక్రాన్ని సెంటీమీటరు చొప్పున లేపుతూ, దించుతూ రెండు చివరల దూరాలు రాసుకోండి. పైకి లేపితే ఒక వైపుకు, కిందికి దించితే రెండో వైపుకు తిరుగుతుంటే రాడ్ చివర ఎత్తు తప్పింది. పైకైనా కిందికైనా ఒకే వైపుకు తిరుగుతుంటే రాడ్ పొడవు తప్పింది. ఈ ఒక్క ముక్క మనవడికి చెప్పండి, మిగతాది వాడే పట్టుకుంటాడు.

మందు రోగాన్ని బట్టి ఉంటుంది. ఎత్తు తప్పితే రాడ్ బయటి చివరనో, స్టీరింగు రాక్‌నో కొలత చెప్పిన వైపుకు జరపాలి. పొడవు తప్పితే లోపలి కీలు చోటు మార్చాలి, అది పెద్ద పని. స్ప్రింగు జోలికి పోకుండా, చక్రం కుదురు పైకి జరిపిన స్టబ్ యాక్సిల్ వేస్తే ఆర్ములు పాత చోటనే ఉంటాయి. నా లెక్కన దించడంలో మేలైన పద్ధతి అదే. కాకపోతే అందులో కూడా రాడ్ తగిలే రంధ్రం పాత ఎత్తులోనే ఉండాలి. జీపు వంటి కమాన్ల బండిలో చక్రాల మధ్య టై రాడ్ ఇరుసుతో పాటే లేస్తుంది గనుక దానికి ఈ జబ్బు లేదు. అక్కడ చూడవలసింది డ్రాగ్ లింకు. దాని వాలు పెరిగితే ప్రతి గతుకుకీ రెండు చక్రాలూ ఒకే పక్కకు తిరుగుతాయి.

రోడ్డు పక్క షాపుల్లో రెండు పనులు జరుగుతుంటాయి. వాటిని మాత్రం ఒప్పుకోకండి. ఒకటి, స్టీరింగు ఆర్మును గ్యాసుతో కాల్చి వంచడం, లేదా కోసి వెల్డింగు పెట్టడం. రెండోది, రాడ్ ఎండు కూర్చునే టేపరు రంధ్రాన్ని డ్రిల్లుతో సూటిగా చేసి మామూలు బోల్టు వేయడం. రాడ్ ఎండును కింద నుంచి పైకి మార్చాలంటే ఎదురు టేపరు బుష్ లేతులో చేయించాలి. పనంతా అయ్యాక చక్రాన్ని పూర్తిగా లేపి, స్టీరింగును రెండు వైపులా చివరిదాకా తిప్పి చూడండి. రాడ్ ఎండు బిగుసుకోకూడదు, రాడ్ ఛాసిస్‌కు తగలకూడదు, బ్రేకు హోసు లాగకూడదు. నట్టుకు స్ప్లిట్ పిన్ కొత్తది వేయాలి.

మనవడు దించకపోయినా కాలం దించుతుందని కూడా మరచిపోకండి. యాభై ఏళ్ల టార్షన్ బార్ అలసిపోతుంది. పాకలో నిలిపిన బండి ముందు భాగం మెల్లగా కుంగుతుంది. 2022లో మనల్ని తిరుపతి జిల్లాలో కలిపారు గానీ ఉప్పుగాలి మాత్రం మారలేదు. తూపిలిపాళెం వైపు నుంచి వచ్చే ఆ గాలికి రాడ్ ఎండు రబ్బరు పగిలితే లోపల తుప్పు పడుతుంది. ఇలా కుంగిన బండికి రాడ్లు మార్చకండి. ముందు బండిని కంపెనీ చెప్పిన ఎత్తుకు లేపండి, స్టీరింగు చాలావరకు దానంతటదే సర్దుకుంటుంది.

ఇక చట్టం. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం, ఆర్‌సీలోని వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఈ మాటను గట్టిగానే చెప్పింది. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ పెట్టింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి ఉండాలి, బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజను మార్చి ఉండకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కు 20,000 రూపాయలు, తర్వాతి రీ-రిజిస్ట్రేషన్‌కు 5,000. కొత్తగా రిజిస్టరు చేసే బండికైతే నంబరులో 'వీఏ' అని వస్తుంది. రాక్ జరపడానికి ఛాసిస్‌కు కొత్త రంధ్రాలు వేసి, తర్వాత ఈ రిజిస్ట్రేషన్‌కు దరఖాస్తు పెట్టడం కొరివితో తల గోక్కోవడమే. తాత గారి అంబాసిడర్‌కు ఆ రిజిస్ట్రేషన్ కావాలో, రెండంగుళాల పొట్టితనం కావాలో పని మొదలు పెట్టక ముందే ఇంట్లో తేల్చుకోండి.

టీ తర్వాత బయట నిలిపిన అంబాసిడర్ కింద రాడ్ ఎండు ఎక్కడ ఉంటుందో చూపిస్తాను. మోకాళ్ల నొప్పులున్న వారు వంగవద్దు, పిల్లల్ని పంపండి.