అర్జెంటు కాదంటే ఎవరికి కాదు?

(ఖమ్మం జిల్లాలో వ్యవసాయ కూలీల సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను చావుబతుకుల జబ్బుల గురించి మాట్లాడటానికి రాలేదు. దానికి 108 ఉంది, వస్తది, ఒక్కోసారి రాదు. ఇయ్యాల నా మాట కంటి శుక్లాల గురించి.

మా అమ్మ మిరపకాయల కూలికి పోయేది. రెండు కళ్లకూ పొర కమ్మింది. ఆసుపత్రికి తీసుకపోతే, "ప్రాణానికేం కాదు, అర్జెంటు లేదు, వచ్చే నెల రండి" అన్నారు. వచ్చే నెల పోతే డాక్టరు సెలవు. ఆపై నెల బీపీ ఎక్కువుంది. ఆ తర్వాత లెన్సుల్లేవు. అట్లా పద్నాలుగు నెలలు.

ఆపరేషను ఉచితమే. ఎదురుచూపు మాత్రం ఉచితం కాదు. పోయిన ప్రతిసారీ ఇద్దరికి బస్సు చార్జీ, ఇద్దరి కూలీ పాయె. తాలుకాయకూ మంచికాయకూ తేడా తెలవట్లేదని మేస్త్రి ఆమెను పిలవడం మానేశాడు. పొయ్యి దగ్గర చెయ్యి కాల్చుకుంది. ఆమెను పట్టుకొని నడిపించడానికి నా చెల్లెలి కూతురు బడి మానింది. మళ్లీ పోలేదు. ఈ ఖర్చు ఏ రిజిస్టరులో రాశారు?

2018లో, మళ్లీ 2023లో కంటి వెలుగు శిబిరాలు ఊళ్లకొచ్చాయి, అద్దాలిచ్చారు. మంచిదే. అద్దాలతో శుక్లం పోదు గదా.

"శుక్లం ముదరాలి, అప్పుడే కొయ్యాలి" అని మన పెద్దలు ఇప్పటికీ అంటారు. అది పాతకాలపు మాట. ఇప్పుడు లోపల లెన్సు పెడుతున్నారు, చూపు పనికి అడ్డం వస్తే చెయ్యొచ్చు. మరీ ముదిరితే కంట్లో ఒత్తిడి పెరిగి నరం దెబ్బతినొచ్చు. అప్పుడు ఆపరేషను చేసినా పోయిన చూపు రాదు. మా అమ్మ ఎడమ కన్ను అట్లనే పోయింది.

సకాలంలో వైద్యం చెయ్యకపోతే జీవించే హక్కును కాలరాసినట్టేనని 1996లో సుప్రీంకోర్టు అన్నది. ఆ కేసులో ముందు నిలబడింది పశ్చిమ బెంగాల్ వ్యవసాయ కూలీల సంఘం. రైలు నుంచి పడిన మనిషిని ఆసుపత్రులు తిప్పి పంపిన కేసది, అత్యవసరం. నిజమే. కానీ ప్రజారోగ్యం రాజ్యం ప్రాథమిక విధి అని చెప్పిన రాజ్యాంగం 47వ అధికరణలో అర్జెంటు, నాన్ అర్జెంటు అని లేదు. భూమి ఉన్నాయనకు చూపు తగ్గితే కూలీలను పెట్టుకుంటాడు. మన ఆస్తి కళ్లూ చేతులే!

రేపు పొద్దున వాడవాడా తిరిగి చూపు మందగించినోళ్ల పేర్లు రాద్దాం. ఆసుపత్రికి ఒక్కొక్కరం పోవద్దు, అందరం కలిసి పోదాం. ఓపీ చీటీ మీద ఆపరేషను తేదీ రాయించుకోండి. వాయిదా వేస్తే ఎందుకేశారో కూడా అదే చీటీ మీద రాయమనండి. ఆ చీటీలు పారెయ్యకండి. మా అమ్మవి నేను పారేశాను.